పత్తి చేనులో మా కబడ్డీ జట్టు

కోరా గుడ్డకు కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో లాగితే పర్రుమని చివరిదాకా చినుగుతుంది. కరీంనగర్‌లోని మా బట్టల దుకాణంలో రోజూ వినే చప్పుడే. మొన్న మా దగ్గర పనిచేసే కవిత అలా గుడ్డ చించుతుంటే మాత్రం నా చెయ్యి గల్లా మీదే ఆగిపోయింది. సరోజన టీచర్ చనిపోయిందన్న కబురు ఆ పొద్దున్నే వచ్చింది. కవిత డిగ్రీ పరీక్షలకు సెలవు అడిగిందీ ఆ పొద్దున్నే. పండుగ గిరాకీ అయ్యాక చూద్దామని నేను అలవాటుగా బేరం మొదలుపెట్టి ఉన్నాను.

ఎనభైల మొదట్లో ఇచ్చోడ బడిలో మాకు ఆటల టీచర్ ఆమె. ఆడపిల్లలంటే తొక్కుడుబిళ్ల దాకానే అనుకునే రోజుల్లో మాతో కబడ్డీ జట్టు కట్టింది. మోచేతులు గీరుకుపోతే తనే పసుపు అద్ది మళ్లీ బరిలోకి తోసేది. ఆ ఊళ్లో బట్టల దుకాణందారు బిడ్డను కనుక నాకు కాళ్లకంటే నోరు చురుకు. కూతకు పోతే నా ఊపిరి నడుమనే తెగేది. అవుటయ్యాక అంపైర్‌తో నా వాదన మాత్రం తెగేది కాదు. నిజానికి జట్టును నిలబెట్టింది భూలక్ష్మి. నలుగురు కలిసి పట్టినా వాళ్లను ఈడ్చుకుంటూ వచ్చి గీత ముట్టేది.

తొమ్మిదో తరగతిలో ఉండగానే భూలక్ష్మికి పక్క ఊళ్లో లగ్గమైంది. ఆదిలాబాద్‌లో పోటీలు దగ్గరపడ్డాయి.

"చిన్న తరగతిల ఒక పిల్ల మంచిగనే ఆడుతది టీచర్, ఆమెను పెడదాం" అన్నాను.

"పెడితే పనైతది. కానీ లగ్గమైన పిల్ల ఆటకు పనికిరాదని మనమే చెప్పినట్టు కాదా? రేపు నీ లగ్గమైతే నిన్ను గూడ తీసెయ్యాలె. ఇగ జట్టు ఏడుంటది?"

నన్ను అప్పటికప్పుడు తీసేసినా జట్టుకు వచ్చే నష్టం లేదని నాకు తెలుసు.

ఇద్దరం భూలక్ష్మి అత్తగారింటికి బయలుదేరాం. బేరం నాకు వదిలెయ్యమని దారంతా చెప్పాను. కావలసింది మూడు రోజులైతే నెల అడగాలి, వారానికి దిగాలి, చివరికి ఏదో పోగొట్టుకున్నట్టు మూడింటికి ఒప్పుకోవాలి. మా బాపు చీరలు అమ్మే పద్ధతి అది.

"నెల దినాలు పంపు పెద్దమ్మా" అన్నాను.

"నెల దినాలా? అట్లయితే దాన్ని మీ బడికే ఇచ్చి లగ్గం చెయ్యకపోయిన్రా?" అని భూలక్ష్మి అత్త నడుముకు పత్తి ఒడి కట్టుకుని చేనువైపు నడిచింది. తలుపు వెనకనుంచి భూలక్ష్మి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. బేరం కుదరక దుకాణం మెట్లు దిగిపోయే గిరాకీని "అక్కా, జర ఆగు" అని వెనక్కి పిలవడం నాకు వచ్చు. ఆ రోజు పిలవడానికి నోరు రాలేదు.

టీచర్ ఆమె వెంట నడిచింది. "అవ్వా, మూడు దినాలే. ఉన్నమాట చెప్తున్న."

"మూడు దినాలైతే మాత్రం? పత్తి తెల్లగ పగిలి ఉన్నది. కోడల్ని ఆటకు తోలి నేనొక్కదాన్నే ఏరాల్నా?"

"మీ ఊళ్లె బదులు పోరా?"

ఒకరి చేనులో ఒకరు కూలి లేకుండా పనిచేసుకోవడాన్ని అక్కడ బదులు పోవడం అంటారు.

"పోతం. మా చేన్లకు బదులు రానీకి ఎవలున్నరు?"

"మేమున్నం."

ఆమె ఆగి నన్ను కిందికీ మీదికీ చూసింది. "గీ దుకాణపోల్ల పోరి పత్తి ఏరుతదా?"

"నోరు మూసుకుంటే ఏరుతది" అంది టీచర్.

పోటీలకు ముందు ఆదివారం జట్టంతా ఆ చేనులో దిగాం. ఎండిన కాయల మొనలు వేళ్లలో గుచ్చుకుని రక్తం వచ్చింది. టీచర్ మా బాపు దుకాణం నుంచి తెచ్చిన కోరా గుడ్డను పర్రున చించి అందరి వేళ్లకూ పీలికలు కట్టింది. తను మాత్రం కట్టుకోకుండా ఆ అత్త పక్క సాలులోనే పొద్దుగూకేదాకా ఏరింది. చివరికి అత్తే ఒడి విప్పుతూ అంది: "మట్టెలు మాత్రం తియ్యొద్దు. గది ఒప్పుకుంటే తీసుకపోండ్రి." ఇంకేదో అడగబోయిన నన్ను టీచర్ ఒక్క చూపుతో ఆపింది.

ఆదిలాబాద్‌లో అంపైర్ భూలక్ష్మి కాళ్లు చూసి తల అడ్డంగా ఊపాడు. "మట్టెలు గీరుకుంటయి. ఆడనియ్య."

టీచర్ మిగిలిన పీలికలు తీసి, నేలమీద కూర్చుని, భూలక్ష్మి వేళ్లకు మట్టెలు కనబడకుండా చుట్టింది. తరువాత మావైపు తిరిగి, "మీరు గూడ చాపుండ్రి" అంది. ఒకేలా పీలికలు చుట్టుకుని వరుసగా చాచిన ఏడుగురి పాదాలనూ అంపైర్ చూశాడు. ఆట మొదలుపెట్టమని ఈల వేశాడు.

గెలిచామని రాయాలని నాకూ ఉంది. ఓడిపోయాం. తిరుగు బస్సులో ఏడుస్తున్న మాకు వినబడేటట్టు టీచర్ అంది: "ఏడుగురం ఆడి ఓడినం. గది తక్కువనా?"

మరుసటేడు పత్తి పగిలే వేళకు ఆ అత్తే కబురు పంపింది: "బదులుకు ఎప్పుడొస్తరు? మా పిల్లకు ఆటలున్నయట గదా."

దుకాణంలో కవిత గుడ్డ మడతపెడుతోంది. లేచి ఆమె పక్కకు పోయాను.

"గజం కట్టె ఇటియ్యి. పరీక్షలకు పో. నీ బదులు నేను నిలబడ్త."

కవిత నమ్మలేదు. నా దగ్గర పనిచేసే మనిషి కదా. "ఎన్ని దినాలక్కా?" అంది, బేరానికి సిద్ధపడుతూ.

"అయిపోయేదాకా" అని గుడ్డ అందుకున్నాను.