ముట్టని పాడు

వనజాక్షి చేసే ఉద్యోగమేమిటో పులికాట్ సరస్సు ఒడ్డున, ఆమె సొంతూళ్లో ఎవరికీ అంతుపట్టదు. నెల్లూరులో కంప్యూటర్ ముందు కూర్చుని దాని లోపలి కెర్నెల్‌ని సరిచేస్తుంది. కెర్నెల్ అంటే అక్కడి పెత్తందారు. మెమరీని పేజీలనే సమానమైన ముక్కలుగా కోసి, అడిగిన ప్రోగ్రామ్‌కల్లా పంచుతుంది. ఖాళీలు అడుగంటితే తిరిగి లాక్కుంటుంది. ఎవరి దగ్గర్నించంటారా? ఒక చుట్టు తిరిగి, పేజీల మీద ముట్టిన గుర్తులు చెరిపేస్తుంది. మళ్లీ వచ్చేసరికి ఎవరైనా వాడి గుర్తు పడి ఉంటే ఆ పేజీని వదిలేస్తుంది. లేకపోతే, అవసరమైతే అందులో ఉన్నది డిస్కులో దాచి, పేజీ పట్టుకుపోతుంది. దానికి జాలీ లేదు, పగా లేదు.

వాళ్ల ఊరి కట్టుబాటూ ఇంచుమించు అంతే. సరస్సులో వల కట్టే చోటు మీద వంతును పాడు అంటారు. ఏడాది పాటు వల పడకపోతే పాడు ఊరికి పోతుంది. సరస్సు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడి, చోట్లు తగ్గి, జనం పాడు కోసం మొహం వాచి ఉన్నారు. వనజాక్షి నాయన చిన్నపోలయ్యేమో పక్షవాతంతో మంచం పట్టి ఏడాది కావస్తోంది. వచ్చే అమావాస్యకు ఆయన పాడు పోతుంది. అదీ పోతే నాయన బతకడని ఆమెకు గట్టి భయం.

పెద్దల కాళ్లావేళ్లా పడింది.

"ఆయన చేత్తో ఒక్కసారి వలేస్తే చాలమ్మా, ఇంకో ఏడు ఉంటాది" అన్నారు.

గుర్తు పడితే చాలు, కెర్నెల్ వదిలేస్తుంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు పొద్దున్నే నాయనను పడవలో కూర్చోబెట్టింది. గెడ వేసింది పక్కింటి పెంచల్. అతని పాడు ఇసుకలో కలిసిపోయి రెండేళ్లు.

చోటు వచ్చింది. వనజాక్షి వల అంచు నాయన మంచి చేతిలో పెట్టింది. ఆయన నీళ్లకేసి చాలాసేపు చూశాడు. తర్వాత వల పెంచల్ ఒళ్లోకి తోశాడు.

"నువ్వెయ్యి."

"నేనేస్తే నాదైపోతాది మామా."

"అందుకే యెయ్యమనింది."

"వొద్దు నాయనా" అని వనజాక్షి ఆయన చెయ్యి పట్టుకుంది. ప్రోగ్రామ్ ముగిసినప్పుడు దాని పేజీలన్నీ వాటంతటవే కెర్నెల్ చేతికి పోతాయి. ఆ సంగతి తలపుకొచ్చి ఆమెకు ఏడుపు ఆగలేదు.

పెంచల్ వల వదిలాడు. చిన్నపోలయ్య అది మునిగేదాకా చూసి, కూతురి వైపు తిరిగాడు.

"చచ్చినాక ఎట్టాగూ ఊరోళ్లు తీసుకుంటారు. బతికుండి ఇస్తే, నేను ఇచ్చినట్టుంటాదిమే."