మేస్త్రి మాట్లాడని సంతాప సభ

మా సంస్కృతం సారు పోయిన నెలలో కన్నుమూశారు. పొద్దున ఏడింటికి వాళ్లమ్మాయి ఫోన్ చేసి "నాన్న ఇక లేరంకుల్" అంది. నేను చొక్కా తగిలించుకుని, చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌కు నడిచి వెళ్లేలోపే నా ఫోన్ నిండిపోయింది. ఆత్మకు చావు లేదట. పాతబట్ట విడిచినట్టు ఒంటిని విడుస్తుందట. అస్తమించే సూర్యుడి బొమ్మ మీద ఈ మాటలు, కింద రెండు దీపాలు. సారు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంటే ఒక్కపూట తొంగిచూడని వాళ్లు కూడా పంపారు. ఏడుపు రావాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది.

సారు బడిలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. ప్రతి శనివారం సాయంత్రం ముందుగదిలో చాప పరిచి, మా ఐదారుగురికి శ్లోకాలు చెప్పేవారు. ఏడేళ్లలో చెప్పినవి ఎన్నో తెలుసా? పంతొమ్మిది. శ్లోకాన్ని పలక మీద రాసి గోడకు తగిలించేవారు. బట్టీ పట్టామా లేదా అన్నది ఆయనకు అక్కర్లేదు. ఆ వారంలో ఆ శ్లోకం విషయంలో మేం ఎక్కడ తప్పామో అందరి ముందూ చెప్పాలి. "నేనెక్కడా తప్పలేదు" అని ఒక్కరన్నా సరే, పలక మీద రాత మారేది కాదు.

నేను నారాయణగూడలో ఓ కాలేజీ ఆఫీసులో గుమాస్తాను. మొదటిరోజు నా గొంతు చూపించుకుందామని మూడు శ్లోకాలు రాగం తీసి చదివాను. సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"గొంతు మంచిగుంది. పొద్దుగాల్నుంచి ఎవరి మీద అరిచినవో జర చెప్పు."

"ఎవరి మీదా అరవలేదు సార్."

"అయితే మళ్లొచ్చే శనివారం చెప్పు."

అప్పుడు పలక మీద ఉన్న కోపం గురించిన శ్లోకం నా మూలంగా ఐదు శనివారాలు గోడ మీదే ఉండిపోయింది. పక్కన కూర్చునే జిరాక్స్ షాపు ఆవిడ నన్ను కొరకొరా చూసేది. ఆరో వారం నోరు విప్పాను. సర్టిఫికెట్ కోసం వచ్చిన ఓ అమ్మాయిని ఫొటో ఇవ్వలేదని నలుగురిలో నానా మాటలూ అన్నాను. ఆ ఫొటో నా బల్ల మీదే, ఫైలు కింద ఉంది. దొరికాక కూడా ఆ పిల్లకు ఆ మాట చెప్పలేదు. నేను చెప్పడం అయ్యాక సారు మెచ్చుకోలేదు, మందలించలేదు. లేచి వెళ్లి అందరికీ చాయ్ పెట్టుకొచ్చారు.

మాతోపాటు ఒక మేస్త్రి ఉండేవాడు. పాలమూరు వైపు మనిషి, బాగ్ లింగంపల్లి బస్తీలో కాపురం. సారు ఇంట్లో గోడ బాగుచేయడానికి వచ్చి, పలక చూసి "ఇదేంది సారూ" అని అడిగి, ఆ శనివారం నుంచే చాప మీద కూర్చున్నాడు. శ్లోకానికి నోరు తిరిగేది కాదు. తన తప్పులు మాత్రం మా అందరికంటే ముందు చెప్పేవాడు.

ఒకసారి పలక మీద, ఎదుటివాడిలో నిన్ను నువ్వు చూసుకోమనే శ్లోకం ఉంది. ఆ శనివారం సారు "ఇయ్యాల ముందుగాల నేను చెప్త" అన్నారు. ఆ వారం మేస్త్రి ఆయన వంటింటి గట్టు బాగుచేశాడని మాకు తెలుసు.

"బేస్తవారం నా గడియారం కనపడలే. ఇంట్ల ఉన్నది ఈయనొక్కడే. సంచి విప్పి చూపెట్టమన్న. తాపీ, రసమట్టం, టిఫిన్ డబ్బా, ఒక్కొక్కటి తీసి నేల మీద పెట్టిండు. డబ్బా మూత సుత తీసి చూపెట్టిండు. గడియారం నా పాత అంగీ జేబుల ఉండె."

మేస్త్రి ఇబ్బందిగా కదిలాడు. "పోనీయ్ సారూ, గదేం పెద్ద ముచ్చట."

"అంత జల్దీ మాఫ్ చెయ్యకు మేస్త్రీ. నన్ను జర బాధపడనీయ్."

నేను విన్న శ్లోకాలన్నిటికీ అర్థం నాకు ఆ మాటలోనే దొరికింది. డెబ్బై దాటిన మనిషి, చదువు చెప్పిన మనిషి, ఒక కూలి మనిషి ముందు తలవంచి మా అందరి ఎదుటా ఆ మాట అన్నాడు. అంతటి ధైర్యం నేను మరెక్కడా చూడలేదు.

ఇక సభ సంగతి. సారు దగ్గర చిన్నప్పుడు చదువుకుని, ఇప్పుడు ఊరూరా ప్రవచనాలు చెప్పే ఒకాయన నారాయణగూడలో హాలు మాట్లాడాడు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. సారు ఏనాడూ కప్పుకోని పట్టుశాలువా బొమ్మలో కప్పారు. "శ్లోక మహాసాగరం" అని బిరుదొకటి! పంతొమ్మిది శ్లోకాలకే మాకు ఏడేళ్లు పడితే, ఆ పూట ఒక్కో వక్త ఇరవై తక్కువ కాకుండా చదివాడు. ఒక్కడంటే ఒక్కడు, వాటిలో ఒక్కటైనా తనను ఏం చేసిందో చెప్పలేదు.

గొంతు బాగుంటుందని, సభ నడపమని మైకు నాకిచ్చారు. మాట్లాడేవాళ్ల చీటీ నా చేతిలోనే ఉంది. అందులో మేస్త్రి పేరు నేనే రాశాను. సభ మొదలు కాకముందు ప్రవచనాలాయన మేస్త్రిని "ఏం చెప్తవు" అని అడిగాడు. మేస్త్రికి దాపరికం తెలియదు. సంచి సంగతి చెబుతానన్నాడు. ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, సారు ఒకని సంచి వెతికిండని మైకుల చెప్తడంట. సారు పేరేం గావాలె? చేదు నిజం చెప్పొద్దని శాస్త్రమే అన్నది గద."

ఆ శ్లోకమూ మా పలక మీద ఉన్నదే. సారు దాని గురించి అన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇంకొకని గురించి చేదు నిజం చెప్పొద్దన్నరు. నీ గురించి నువ్వు చెప్పుకునేటందుకు ఎవరు అడ్డమొచ్చిండ్రు?" సంచి సంగతి సారు తన గురించి తాను చెప్పుకున్న మాట. దాన్ని మేస్త్రి నోట రానివ్వకపోతే కాపాడేది సారు పేరునా, మన పేరునా? తప్పు లేని సారు కావాలి వాళ్లకు. అలాంటి మనిషి ఫొటోకు దండ వేసి హాయిగా ఇంటికి పోవచ్చు. తప్పు ఒప్పుకున్న మనిషిని తలచుకుంటే మనమూ ఒప్పుకోవాల్సి వస్తుంది. శాస్త్రాన్ని ఇలా వాడుకునేవాళ్లను చూస్తే నాకు అసహ్యం.

ఈ మాటలన్నీ ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు ఒక్కటీ అనలేదు. జేబులోంచి పెన్ను తీశాను.

మేస్త్రి సగంపూట పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చివరి నుంచి రెండో వరుసలో కూర్చున్నాడు. నేను మైకు ముందుకు వచ్చిన ప్రతిసారీ కుర్చీలో ముందుకు జరిగేవాడు. నేను ఇంకొకరి పేరు పిలవగానే వెనక్కి జరిగేవాడు. ఆఖరున నేను వందన సమర్పణ అన్నాక, అందరితోపాటు లేచి వెళ్లిపోయాడు.

సభ అయి మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు మధ్యాహ్నం దోమలగూడలో ఆయన పనిచేస్తున్న అపార్ట్‌మెంటుకు వెళ్లాను. కూలీలు భోజనాలకు పోయారు. మేస్త్రి ఒక్కడే కింది అంతస్తులో గోడకు పూత పూస్తున్నాడు.

"మేస్త్రీ, ఆ రోజు చీటీలో నీ పేరు నేనే కొట్టేశాను. తప్పయింది. మనసులో పెట్టుకోకు."

ఆయన తాపీ పక్కన పెట్టి అటూ ఇటూ చూశాడు. గొంతులో కోపం లేదు.

"ఈడ మనిద్దరమే ఉన్నం గద సార్. మీరు నన్ను తప్పించింది నిండు సభల."

గోడ మీద నీళ్లు చల్లి మళ్లీ పనిలో పడ్డాడు. నేను అక్కడి సిమెంటు బస్తాలు దాటుకుని వచ్చేశాను.

చదువుతున్న మిమ్మల్నే నిండు సభ అనుకుని చెబుతున్నాను. సారు గురించి చెప్పాల్సిన ఒక్కగానొక్క నిజాన్ని మైకు దాకా రానివ్వనిది నేనే. ఆ పేరు కొట్టేసింది నా చెయ్యే.