గొర్రెల మీద గులాబీ రేకులు

మొన్న సూర్యాపేట నుంచి కోదాడ పోతుంటే గొర్రెల మంద ఒకటి రోడ్డుకు అడ్డంగా వచ్చి మా బస్సును ఆపేసింది. డ్రైవరు హారన్ మోగిస్తూ ఒకటే విసుక్కుంటున్నాడు గానీ నాకు మాత్రం నవ్వాగలేదు.

సూర్యాపేట ఇంకా జిల్లా కాని రోజుల మాట. టీచర్లకు శిక్షణనివ్వడం నా పని. పిల్లల ఇళ్ల తీరు తెలియకుండా పాఠం చెప్పి ఏం లాభమని, గొర్రెలు కాసుకునే ఒక కుటుంబం మీద చిన్న డాక్యుమెంటరీ తీయించాను. ఆ ఇంటి పిల్లది ఆత్మకూరు బడిలో మూడో తరగతి. వరికోతలయ్యాక కోదాడ దగ్గరి చిలుకూరు రైతులు ఎరువు కోసం పొలాల్లో మంద పెట్టించుకుంటారు, మందతో పాటు పిల్లా వచ్చేసేది. నెలల తరబడి బడి లేదు, ఈసారి పేరు కొట్టేస్తామని ఆత్మకూరు బడివాళ్లన్నారు. పేరు పోతే ఇక బడి గడప తొక్కదని నాకు దిగులు.

మీకూ గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కెమెరా అంటే పెళ్లిళ్ల వీడియోలవాళ్ల దగ్గరే. మా మరిదీ ఆ బాపతే. సహజంగా తీయవయ్యా అని నెత్తీ నోరూ కొట్టుకున్నా వింటేనా! ఇంటిల్లిపాదినీ వరుసగా నిలబెట్టి నవ్వమన్నాడు, ఆ తల్లేమో పెళ్లిచీర కట్టుకొచ్చింది, చివరికి పెళ్లి వీడియోల్లోలాగే కంప్యూటర్లో గొర్రెల మీద గులాబీ రేకులు కూడా కురిపించాడు మహానుభావుడు.

కోదాడ శిక్షణలో కిటికీలకు దుప్పట్లు కట్టి ఆ సీడీనే వేశాం. తనను చూసి ఎవరు నవ్వుతారో చూస్తానని ఆ తల్లి కూడా వచ్చి కూర్చుంది. రేకులు రాలగానే హాలంతా ఘొల్లున నవ్వింది, అందరికన్నా ఎక్కువ ఆవిడే నవ్వింది. నవ్వులాగాక ఆత్మకూరు సారు, పిల్లను ఇంటి దగ్గరే ఎవరికైనా అప్పజెప్పి రావచ్చు కదమ్మా అన్నాడు.

"ఇంట్ల ఎవలున్నరు సారూ? మంద ఆగది. మీ బడినే జర మా దిక్కు జరపరాదా?" అందావిడ నవ్వుతూనే.

పని చెడిందే అనుకున్నాను. అంతలో వెనక వరసలోంచి చిలుకూరు టీచరమ్మ లేచి, మంద మా ఊళ్లో ఉన్నన్నాళ్లూ పిల్లను మా బడికి పంపమంది. ఆత్మకూరు సారు తల గోక్కుని, సరే, పేరు తీయనులే అన్నాడు. సంతోషం పట్టలేక నేను అక్కడే ఏడ్చేశాను. మర్నాడే ఆ పిల్ల పుస్తకాల సంచీతో చిలుకూరు బడిలో కూర్చుంది.

ఇప్పుడు శిక్షణలన్నీ ఫోన్లోనే అట. ఆ వీడియోలు చూస్తే మా మరిది సిగ్గుపడాలి, అంత బాగుంటాయి. కూర తరుగుతూనో బస్సులోనో చూసేయొచ్చు, హాయే, కాదనను. కానీ ఏ తల్లయినా అలా అడిగితే, లేచి నిలబడి మా బడికి పంపమనడానికి ఫోన్లో వెనక వరస ఉండదు కదా.