ఎనిమిది కాళ్ళ సవతి

మా బావ డ్రైవింగ్ నేర్పిస్తాడు. బ్రేకు తొక్కమంటే యాక్సిలరేటరు తొక్కే మహానుభావుల పక్కన కూర్చుని, ఇరవై రెండేళ్ళుగా రోజూ ప్రాణాలతో ఇల్లు చేరుతున్నాడు. అలాంటి మనిషి సాయంత్రం ఏం చేయాలి? పెళ్ళాంతో నాలుగు మాటలు మాట్లాడాలి. ఈయన చెప్పులు విడిచీ విడవకముందే వెనక గదిలోకి వెళ్ళి, గాజుపెట్టె ముందు స్టూలు వేసుకుని, అరచేయంత సాలీడును చూస్తూ కూర్చుంటాడు.

దాన్ని టారంటులా అంటారట. గోరంత పిల్లగా తెచ్చి, పదకొండేళ్ళుగా కంటికి రెప్పలా పెంచుతున్నాడు. పేరు మహారాణి. ఆవిడ దినచర్య ఏమిటంటే, కదలకపోవడం. వారానికో కీచురాయిని తింటుంది, సీసా మూతలో నీళ్ళు తాగుతుంది, మిగతా కాలమంతా కొబ్బరిపొట్టు మీద తీరిగ్గా కూర్చుంటుంది.

"అదేరా దాని గొప్ప. పొద్దున్నుంచీ నేను చూసినవాళ్ళలో కుదురుగా కూర్చున్నది ఇదొక్కటే" అంటాడు బావ.

మా అక్కకు మాత్రం అది ఎనిమిది కాళ్ళ సవతి. పెళ్ళిరోజు మరిచిపోయే మనిషి, సవతి ఏ రోజున ఏం తిన్నదీ నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంటాడని ఆవిడ కడుపుమంట. ఆ గది గడప తొక్కనని పదకొండేళ్ళ కిందటే ఒట్టు పెట్టుకుంది. మహారాణి పొట్ట మీద సన్నటి నూగు ఉంటుంది. అది తగిలితే చర్మం ఎర్రగా కంది, పది రోజులు ఒకటే దురద. బావ ముంజేతులకు ఆ దద్దుర్లు మామూలే కాబట్టి అలమరలో ఎప్పుడూ ఒక ఆయింట్‌మెంటు ట్యూబు సిద్ధంగా ఉంటుంది. "బాగా అయింది" అని అక్క ప్రతిసారీ దీవిస్తుంది.

మొన్న బావకు హెర్నియా ఆపరేషను అన్నారు. షుగరు దారికి రావాలని మూడు రోజుల ముందే ఆస్పత్రిలో చేర్చుకున్నారు. మహారాణి బాధ్యత నా నెత్తిన పడింది. వెళ్ళేముందు పొట్ట పట్టుకుని మరీ పాఠం చెప్పాడు.

"ఈ మధ్య సరిగ్గా తినట్లేదురా. వేసిన కీచురాయిని గంటలో తినకపోతే బయటికి తీసెయ్. లోపల మాత్రం వదిలెయ్యకు."

నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు.

మొదటి రోజు వేసిన కీచురాయిని అది ముట్టలేదు. పాపం, బావ మీద బెంగ పెట్టుకుందేమోనని జాలిపడి, నచ్చింది తింటుందని ఇంకో రెండు వేశాను. ఇంత మర్యాద నాకు మా అత్తారింట్లో కూడా జరగలేదు.

ఆపరేషను రోజు ఉదయం చూద్దును కదా, మహారాణి వెల్లకిలా పడి ఉంది. కాసేపట్లో బావ ఫోను చేస్తాడు, మొదట అడిగేది దీని గురించే. పోయిందని తెలిస్తే ఆయన ఆపరేషను బల్ల ఎక్కుతాడా? ముందు దహనమో ఖననమో కానిద్దామని చెప్పుల అట్టపెట్టె ఖాళీ చేసి, వంటింటివైపు కేకేశాను.

"అక్కా, నీ సవతి పోయింది!"

ఆవిడ గరిటెతో సహా గడప దాటి వచ్చేసింది. ఒట్టూ లేదు, గిట్టూ లేదు. గాజుకు ముక్కు ఆనించి చూసింది.

"పోలేదురా, తలకాయలేనోడా! కుబుసం విడుస్తోంది. అప్పుడిలాగే పడుకుంటుంది. ముట్టుకోకు."

"నీకెలా తెలుసు?"

"పదకొండేళ్ళుగా భోజనాల దగ్గర ఆయన చెప్పేది ఇదేగా. చెవులు మూసుకుని తింటానా?" అంది. అంతలోనే ఆవిడ మొహం పాలిపోయింది. "ఈ కీచురాళ్ళు ఎవరు వేశారు?"

నేను పైకప్పు వైపు చూశాను.

"ఇప్పుడు దాని ఒళ్ళు వెన్నముద్దరా. కదల్లేదు. ఇవి కొరికాయంటే నిజంగానే చస్తుంది. తియ్యి!"

ఒక కీచురాయి అప్పటికే మహారాణి కాలి దగ్గర మీసాలు ఆడిస్తోంది. నేను తీద్దామనే అనుకున్నాను, కానీ ఎదుటి గోడకు ఎప్పుడు అతుక్కుపోయానో నాకే తెలియదు. అక్క గరిటె నా చేతిలో పెట్టి, గడియారం తీసేసి, పెట్టెలోకి చేయి పెట్టింది. కుబుసానికి ముందు మహారాణి సాలెదారంలో తన నూగు కలిపి పట్టుచాప అల్లుకుంటుంది. అక్క ముంజేయి దాని మీదే ఆనింది. "ఛీ, దరిద్రపు సవతీ, నాకే దొరికావా" అని తిడుతూ, ఒక్కో కీచురాయినే పట్టి తీసింది. చేయి మహారాణికి తగల్లేదు. నాకు నిజంగా సిగ్గేసింది.

పాత తోలు ఊడి, మహారాణి కొత్త ఒంటితో కాళ్ళు చాపాక అక్క ఊపిరి వదిలింది. అప్పుడే బావ ఫోను చేశాడు, అక్క ఎత్తింది.

"నాకేం తెలుసు? నేనా గదిలోకి వెళ్తానా? మీ బావమరిదినే అడగండి" అని ఫోను నాకిచ్చింది.

"కుబుసం విడిచింది బావా, బాగుంది" అన్నాను.

"లోపల కీచురాళ్ళేమైనా ఉన్నాయా?"

"ఒక్కటీ లేదు బావా." ఆ క్షణానికి అది అక్షరాలా నిజం.

ఆపరేషను అయిన ఐదోరోజు బావ ఇంటికొచ్చాడు. వస్తూనే వెనక గదిలోకి వెళ్ళి, వెలిగిపోతున్న మొహంతో భోజనానికి కూర్చున్నాడు. అక్క వడ్డిస్తోంది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు.

"ఆవిరి తగిలింది" అంది, ఎవరూ అడక్కుండానే.

బావ కుట్లు పట్టుకుని మెల్లగా లేచి, అలమరలోంచి ట్యూబు తెచ్చి, ఆవిడ చేయి తన ఒళ్ళో పెట్టుకుని రాయసాగాడు.

"చాల్లెండి, అన్నీ చల్లారిపోతున్నాయి" అంది అక్క. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.