ప్రార్థన మనవుల లెక్క

టీకా పనిచేస్తుందో లేదో మా అమ్మ ఆదివారం చర్చిలో తేల్చేది.

ఆరాధన చివర పాస్టరు గారు ప్రార్థన మనవులు అడుగుతారు. ఒక్కొక్కరే లేచి ఇంట్లో జబ్బుపడ్డవాళ్ళ గురించి చెబుతారు. కరోనా మూడోసారి తిరువూరు మీద పడ్డప్పుడు అమ్మ చాప మీద కూర్చుని, ఆ జబ్బుపడ్డవాళ్ళలో టీకా వేయించుకున్నదెవరో వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"అందరూ సూది వేయించుకున్నోళ్ళేనే. ఇంకెందుకంట అది?" అంది ఇంటికి రాగానే.

నాకు ఒళ్ళు మండింది. బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని మరి. "మన చర్చి పెద్దవాళ్ళలో వేయించుకోనిది నువ్వొక్కదానివే. అలాంటప్పుడు ఎవరికి జ్వరమొచ్చినా వేయించుకున్నవాళ్ళకే వచ్చినట్టుంటుంది. పైగా వాళ్ళు వేయించుకుని నెలలైంది, బలం తగ్గుతుంది. జబ్బు కూడా వేషం మార్చింది."

"రెడ్డిగూడెంలో మీ పిన్ని వాళ్ళ వీధిలో ఎవరూ వేయించుకోలేదు. శుభ్రంగా ఉన్నారు."

"కిందటి వేసవిలో మామిడి కోతలప్పుడు ఆ వీధి వీధంతా దగ్గింది. బతికి బట్టకట్టినవాళ్ళకి ఆ జబ్బే కొన్నాళ్ళు కాపు. పోయినవాళ్ళు నీ లెక్కలోకి రారు. పిన్ని వాళ్ళ అత్తగారిని మర్చిపోయావా?"

అయినా అమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. షుగరూ ఆయాసమూ ఉన్న మనిషి. నా భయమంతా అదే. గొంతు పెంచాను. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది.

"మీ నాన్న వేయించుకోలేదటే?"

నాన్న మొదటి సూది వేయించుకున్న వారంలోనే జ్వరంతో మంచం పట్టారు. మళ్ళీ లేవలేదు. అమ్మ కళ్ళారా చూసిన టీకా అదొక్కటే. ఆమెను మొండిదని ఇన్నాళ్ళు తిట్టుకున్నానే గానీ, అది దుఃఖమని తెలియలేదు.

పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. "నారు పోసిన వారానికే కోతకెళ్తామా అమ్మా? ఒంట్లో టీకా బలం ఎదిగేలోపే నాన్నకి జబ్బు అంటుకుంది. నువ్వు వేరే లెక్క పెట్టు. నాన్న పోయినప్పుడు మనవులన్నీ ఆక్సిజన్ దొరకాలనీ, బెడ్డు దొరకాలనీ. ఇప్పుడు జ్వరం తగ్గాలని. పై ఆదివారానికి వాళ్ళే వచ్చి నీ పక్కన కూర్చుంటున్నారు. జబ్బు కాస్త మెత్తబడిందనీ అంటున్నారులే, అందులో టీకా వంతెంతో నేను చెప్పలేను. కొంతైనా ఉంది."

రెండ్రోజుల తర్వాత అమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, "పద" అంది. తర్వాత రెండో డోసు కూడా వేయించుకుంది.

వానాకాలంలో ఆమెకూ కరోనా వచ్చింది. ఆ జ్వరం దిగేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. తగ్గాక వచ్చిన ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పే సాక్ష్యాలప్పుడు అమ్మ లేచి నిలబడింది.

"మా ఆయన కోసం ఇక్కడే మనవి చేశానండి. ఆయన తిరిగొచ్చి సాక్ష్యం చెప్పలేకపోయారు. నాకూ అదే జ్వరం వచ్చింది, పోయింది. సూది వేయించుకున్నాను. దేవునికి స్తోత్రం."

అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ కూర్చుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, నాకు మాత్రమే వినపడేలా అంది:

"సూది ఒంటబట్టడానికి ఆయనకి ఇంకొన్ని రోజులు దొరికుంటే బాగుండేదే."