మావ దాచుకున్న మాస్కు

మా సన్నాయి మావ పోయాడని పోయిన వారం అరసవల్లి నుంచి ఫోనొచ్చింది. పొందూరులో పెళ్లికి వెళ్లి, విడిదింట్లో పడుకున్నవాడు మళ్లీ లేవలేదట. మావ అమ్మకు తమ్ముడు. ఈ చుట్టుపక్కల ఏ పెళ్లికి వెళ్లినా ఆయన సన్నాయి మీరు వినే ఉంటారు.

వాయిస్తుంటే ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో తెలిసేది కాదు. "పాట సన్నాయిలో నేదర్రా, ఊపిరిలో ఉన్నాది" అనేవాడు మాతో.

అలాంటి మనిషికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని విశాఖపట్నంలో డాక్టరు చెప్పారు. ముక్కుకు మాస్కు తగిలించి గాలి పంపే మిషను వాడమన్నారు. అత్త పోరు పడలేక కొన్నాడు గాని, మంచం కిందకు తోసేశాడు. "నాకు గాలూదడానికి మిషనేటే? నవ్విపోతారు" అనేవాడట. దాంతో పగలంతా కునుకుపాట్లే.

ఆ రోజుల్లోనే నెల్లిమర్లలో మా చెల్లి పెళ్లి జరిగింది. పంతులుగారు "గట్టిమేళం!" అని కేకేశారు. డోలు మోగింది. సన్నాయి మోగలేదు. సన్నాయి ఒళ్లో పెట్టుకుని మావ నిద్రపోతున్నాడు. నేను భుజం కుదిపి లేపేసరికి మూడు ముళ్లూ పడిపోయాయి.

"తాగొచ్చీసినాడు" అని మగపెళ్లివారిలో ఎవరో నవ్వారు. ఇంకొకరు సెల్లులో వీడియో తీశారు. మావ ఏనాడూ మందు ముట్టలేదు. అసలు సంగతి చెప్పబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"తాగినాననుకోనీరా. తాగినోడినైతే మళ్లీ పిలుస్తారు. ఊపిరి సాలని సన్నాయోడిని ఎవులు పిలుస్తారు?"

భోజనాల దగ్గర అమ్మ ఎవరి ముఖమూ చూడలేకపోయింది.

అప్పగింతలప్పుడు చెల్లి కాళ్లకు దండం పెడితే మావ ముఖం తిప్పుకున్నాడు. "నీ పెళ్లి పాడుసేసినానమ్మా."

"మేళం పోతే పోయింది మావా. నాకు నువ్వు కావాలి. ఆ మిషను పెట్టుకుంటానని సెప్పు" అంది చెల్లి.

తలూపాడు. ఆ మాట సగమే నిలబెట్టుకున్నాడు. ఇంట్లో గది తలుపు గడియ వేసుకుని, అత్త ఒక్కతే చూస్తుండగా మాస్కు పెట్టుకునేవాడు. కునుకుపాట్లు తగ్గాయి. మళ్లీ కొన్నేళ్లు హాయిగా వాయించాడు. ఊళ్లకు వెళితే మాత్రం మిషను ఇంట్లోనే. అక్కడ మేళం వాళ్లందరి మధ్యా పడుకోవాలి కదా. పొందూరుకూ తీసుకెళ్లలేదు.

అరసవల్లి వెళ్లినప్పుడల్లా పొద్దున్నే ఆయన్ని పెరట్లో చూసేవాణ్ని. మాస్కు పట్టీలు రెండు బుగ్గల మీదా ఎర్రగా గీతలు వేసేవి. మావ అద్దం ముందు నిలబడి, వేడినీళ్లలో తువ్వాలు ముంచి వాటి మీద అద్దుకునేవాడు. ఆ గీతలు పూర్తిగా మాసిపోయేదాకా వీధి తలుపు తీసేవాడు కాదు.