రసీదు లేని వాచీలు

ఆ హోటలుకు బయటికి కనిపించే అంతస్తులు తొమ్మిది. కనిపించనిది ఒకటి నేల కింద ఉంది. బాయిలరు గదికి ఆనుకుని ఉన్న కుట్టుగదిలో ఆమె ఇరవై రెండేళ్లు పనిచేసింది. చిరిగిన దుప్పట్లకు అంచులు కుట్టడం, వెయిటర్ల కోట్లకు ఊడిన గుండీలు వేయడం, మరీ చివికిపోయిన తువాళ్లను నాలుగు ముక్కలు చేసి తుడుపుగుడ్డలుగా మార్చడం ఆమె పని. గదికి కిటికీ లేదు. బయట వాన పడుతున్నదీ లేనిదీ పైనుంచి దిగివచ్చే వాళ్ల చెప్పులు చూసి తెలుసుకోవలసిందే.

పనిలో చేరిన మొదటి నెలలోనే, షిఫ్టు అయిపోయిన సంగతి తెలియక ఒకరోజు గంటన్నర ఎక్కువ కుట్టేసింది. చెప్పినవాళ్లు లేరు, అదనంగా డబ్బులిచ్చినవాళ్లూ లేరు. జీతం చేతికి రాగానే బస్టాండు వెనక ఫుట్‌పాత్ మీద ఒక వాచీ కొనుక్కుంది. అది అవసరానికి కొన్నది. ఆర్నెల్ల తర్వాత కొన్న రెండోది మాత్రం అవసరానికి కాదు. నల్లటి డయలు మీద లేతాకుపచ్చ ముళ్లు, దుప్పటి ముసుగులో చూస్తే మిణుగురుల్లా వెలిగేవి. మనసు పడింది, కొనేసింది.

అలా మొదలైంది ఆ సరదా. ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే, వాచీ ఖరీదు చెప్పుల జత ఖరీదు దాటకూడదు. ఆ హద్దులోనే ఎన్నో వింతలు దొరికేవి. సెకన్ల ముల్లుకు బదులు తోక ఊపే చేప ఉన్న వాచీ, మూత తెరిచి వేలితో తడిమి టైము తెలుసుకునే గుడ్డివాళ్ల వాచీ, బంగారు పూత పోయి మణికట్టు మీద పచ్చటి మచ్చ పెట్టే ఆడవాళ్ల వాచీ. ఒకదానికి తేదీ ఎప్పుడూ ముప్ఫై ఒకటి దాకా వెళ్లిగాని తిరిగి రాదు. నెల మారినప్పుడు దానికి నచ్చజెప్పి తిప్పడం ఆమెకు ముచ్చటగా ఉండేది. మార్కెట్టు మూల మీద కూర్చునే వాచీ రిపేరు ముసలాయన దగ్గర చేరి, వెనక మూత తీయడం, సెల్లు మార్చడం, బెల్టు పిన్ను వేయడం నేర్చుకుంది. సూది పట్టిన చేతులు కదా, ఇట్టే వచ్చేసింది.

భర్త బస్సుల డిపోలో మెకానిక్కు. వేళాకోళం ఆడేవాడు గానీ అడ్డు చెప్పలేదు.

"ఉన్నది రెండు చేతులే గదా, ఇన్ని వాచీలెందుకే నీకు?"

"మీకు ఎనిమిది చొక్కాలున్నాయి. ఒళ్లు ఒకటేగా?"

సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, రెండు బిస్కెట్ల డబ్బాలు దించి, పాత తువాలు పరిచి, వాచీలన్నీ వరసగా పేర్చేది. కీ ఇవ్వాల్సిన వాటికి కీ ఇచ్చేది. ఆగిపోయిన వాటిని పక్కన పెట్టేది. మర్నాడు ఏది కట్టుకోవాలో అప్పుడే తేల్చుకునేది. ఆ అరగంటా ఇంట్లో వాళ్లు ఆమెను కదిలించేవాళ్లు కాదు. హోటల్లో అందరూ ఆమెను వాచీలక్క అనేవాళ్లు. ఆ పిలుపు ఆమెకు నచ్చేది కూడా.

కుట్టుగదిలోనే ఇంకో పక్క ఇస్త్రీ బల్ల ఉండేది. అక్కడ పనిచేసే మనిషి ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. ఏడేళ్లుగా ఇద్దరూ ఒకే ట్యూబులైటు కింద బతికారు. అతను వరసగా మూడుసార్లు ఆలస్యంగా వచ్చి మెమో తెచ్చుకున్నప్పుడు, ఆమె తన డబ్బాలోంచి ఒక వాచీ తెచ్చి అతని చేతికి కట్టింది. "అయిదు నిమిషాలు ముందుకు పెట్టాను తమ్ముడూ. ఇది చెప్పినట్టు విను, నీ ఉద్యోగం ఉంటుంది" అంది. విన్నాడు, ఉద్యోగం నిలిచింది.

నాలుగో అంతస్తులో దిగిన పెద్దమనిషి ఒకాయన గది ఖాళీ చేసి వెళ్లిన మర్నాడు ఫోను చేశాడు. వాచీ పోయిందట. దాని ఖరీదు విన్న వాళ్లు రెండోసారి అడిగి మరీ విన్నారు. గది ఊడ్చిన ఆమెను అడిగారు, లిఫ్టు మనిషిని అడిగారు. తర్వాత సెక్యూరిటీ ఆఫీసరు, హౌస్‌కీపింగ్ మేడమ్ కలిసి కింద కుట్టుగదికి దిగారు. ఆ గది దుప్పట్లు ఇక్కడికే వచ్చాయి కాబట్టి.

"దుప్పట్లలో ఏదన్నా దొరికిందా?" అని అడిగాడు ఆఫీసరు.

"లేదు సార్" అంది ఆమె.

ఆఫీసరు ఇస్త్రీ బల్ల వైపు తిరిగాడు. "నీకేమన్నా తెలుసా?"

అతను ఇస్త్రీ పెట్టెను పక్కన నిలబెట్టాడు. మెమోలు తిన్నవాడు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. "నాకేం తెలుసు సార్. అక్కకే వాచీలంటే పిచ్చి. ఇంట్లో నలభై దాకా ఉన్నాయి" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు అతని చేతికి ఆమె కట్టిన వాచీయే ఉంది.

ఆఫీసరు, మేడమ్ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చూపుతోనే తన పని అయిపోయిందని ఆమెకు అర్థమైంది. సూదిని దారపు ఉండకు గుచ్చి లేచి నిలబడింది.

మధ్యాహ్నం ఇద్దరు గార్డులను వెంటబెట్టుకుని, హోటలు వ్యానులో ఆమెను ఎక్కించుకుని ఇంటికి వచ్చారు. వీధిలో పిల్లలు బంతాట ఆపి చూశారు. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ తాడు దగ్గరే ఉండిపోయింది. మందుల షాపులో పనిచేసే కూతురికి ఆ రోజు సెలవు. తలుపు తీసి, తల్లి వెనక నిలబడ్డ నలుగురినీ చూసి, "ఏమైందమ్మా?" అంది. "ఏం లేదు, వాచీలు చూస్తారట" అంది తల్లి.

డబ్బాలు ఆమే దించింది. తువాలు పరవబోతే ఆఫీసరు, "అవన్నీ అక్కర్లేదు" అని రెండు డబ్బాలూ మంచం మీద బోర్లించాడు. నలభై మూడు వాచీలు. ఒక్కొక్కటీ ఎత్తి చూపించి అడగడం మొదలుపెట్టాడు.

"ఇది ఎక్కడిది?"

"బస్టాండు వెనక."

"రసీదేది?"

"ఫుట్‌పాత్ మీద రసీదు ఎవరిస్తారు సార్?"

"ఇది?"

"మా ఆడపడుచు పారేయబోతుంటే తీసుకున్నాను. బాగుచేయించాను."

"సాక్ష్యం ఉందా?"

పదో పన్నెండో అడిగేసరికి విసుగు పుట్టి మానేశాడు. వాటిలో పోయిన వాచీ లేదని మొదటి నిమిషంలోనే అందరికీ తెలిసింది. కానీ ఉత్త చేతులతో పోవడానికి మనసొప్పలేదు. ఇంతకుముందు పోయిన వస్తువుల లెక్క కూడా చూడాలి అన్నాడు. ఆమె దిండుకున్న గలేబు ఊడదీసి అందులో వాచీలన్నీ గుమ్మరించాడు.

"అద్దాలు గీసుకుపోతాయి సార్. ఒక్కోదాన్నీ గుడ్డలో చుట్టి ఇస్తాను, ఉండండి" అంది ఆమె.

"దొంగసొత్తుకు మర్యాదలు కూడానా?" అంది మేడమ్. పన్నెండేళ్లుగా ఆ మేడమ్ కోట్లకు చంకల దగ్గర విప్పి కుట్టిపెట్టింది ఆమే.

పనిలోకి రావద్దన్నారు. పదకొండు రోజులు ఇంట్లో కూర్చుంది. ఇన్నేళ్లలో ఎన్నడూ అన్ని రోజులు పగటి వెలుతురు చూడలేదు. మొదటి రెండు రోజులూ భర్త హోటలు వాళ్లను తిట్టాడు. మూడో రోజు డిపోలో ఎవరో ఏదో అన్నారు కాబోలు, తిట్టడం తగ్గించాడు. అయిదో రోజు అన్నం తింటూ తింటూ, కంచంలోకి చూస్తూనే అడిగాడు.

"నిజం చెప్పు. ఎప్పుడన్నా, ఏదన్నా, ఆ దుప్పట్లలో దొరికిన చిన్నదేదన్నా తెచ్చావా? తెస్తే తెచ్చావు, నాతో చెబితే ఏదో ఒకటి చూద్దాం."

ఆమె అతని కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. గిన్నె మూత పెట్టి లేచి వెళ్లింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమె ఏడుపు చూసినవాడే, కానీ ఆ రోజు ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అతనికి అనిపించింది.

పన్నెండో రోజు హోటలు నుంచి ఫోను వచ్చింది. వాచీ దొరికిందట. ఆ పెద్దమనిషి షేవింగు సామాను పెట్టుకునే సంచి అడుగున, లోపలి జేబులో ఉందట. "రేపట్నుంచి వచ్చెయ్" అంది మేడమ్. అంతకుమించి ఆ గొంతులో ఏమీ లేదు.

గలేబు తిరిగి ఇచ్చారు. అక్కడే నేల మీద కూర్చుని లెక్కపెట్టింది. ముప్ఫై తొమ్మిది ఉన్నాయి. చేప తోక విరిగింది. చాలావాటి అద్దాలు, మసక కళ్లలా, గీతలు పడి ఉన్నాయి. పోయిన నాలుగింటిలో ఆ పచ్చముళ్ల వాచీ ఒకటి.

"నాలుగు తక్కువున్నాయి సార్."

"తెచ్చేటప్పుడు మేమేమన్నా లెక్కపెట్టామా?" అన్నాడు ఆఫీసరు.

ఆమె గలేబు మూతి ముడివేసి, తిన్నగా మేనేజరు గదికి వెళ్లింది. "నేను దొంగను కానని ఒక కాగితం రాసివ్వండి. మా వీధిలో వ్యానును అందరూ చూశారు" అంది. ఉద్యోగం ఇచ్చాం కదా, కాగితం ఎందుకు అన్నాడాయన. మూడు రోజులు డ్యూటీ దిగగానే వెళ్లి ఆ గది ముందు నిలబడింది. చివరికి గుమస్తా ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. ఆరోపణ రుజువు కానందున తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది అని ఉంది అందులో.

"రుజువు కాకపోవడం వేరు బాబూ, తియ్యకపోవడం వేరు" అంది ఆమె.

"అందరికీ అదే మాట రాస్తామమ్మా. అచ్చు అలాగే ఉంది కంప్యూటర్లో" అన్నాడు గుమస్తా. అతని తప్పేమీ లేదు. ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఇంటికి వెళ్లాక ఎదురింటావిడకు చూపిద్దామనుకున్నది కాస్తా మానుకుంది.

కుట్టుగదిలో ఇస్త్రీ తమ్ముడు రెండు రోజులు తలెత్తలేదు. మూడో రోజు దగ్గరికొచ్చి, "మామూలుగా అన్నానక్కా. ఇంత దూరం పోతుందనుకోలేదు" అన్నాడు.

"నువ్వు అబద్ధమేం చెప్పలేదుగా తమ్ముడూ. నాకు పిచ్చి ఉన్నమాట నిజమే."

అతను వాచీ విప్పి ఆమె మిషను మీద పెట్టాడు. దాన్ని ఆమె ముట్టుకోలేదు. "ఇచ్చింది వెనక్కి తీసుకోను" అంది. అతనూ తీసుకోలేదు. దారపు ఉండల మధ్య అది నెలల తరబడి తిరిగి తిరిగి, సెల్లు అయిపోయి ఆగిపోయింది. ఆ తర్వాత వాళ్ల మధ్య పనికి సంబంధించిన మాటలే నడిచాయి. ఈ కోటు ముందు, ఆ దుప్పటి తర్వాత, అంతే.

సాయంత్రాలు డబ్బాలు దించడం మానలేదు. కానీ వీధిలో వ్యాను ఆగిన చప్పుడైతే చేయి దానంతటదే మూత మీదికి పోయేది. ఒక ఆదివారం బస్టాండు వెనక ఎర్రటి డయలున్న వాచీ ఒకటి కనిపించింది. పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "రసీదు ఇస్తావా?" అని అడిగింది. అమ్మేవాడు నవ్వాడు. "మీరు కొత్తవాళ్లలా మాట్లాడుతున్నారేంటక్కా, వాచీ తీసుకోండి, నా మాటే రసీదు" అన్నాడు. ఆమె దాన్ని ఉన్నచోటే పెట్టి వచ్చేసింది. తర్వాత ఆ పక్కకు పోలేదు.

మరుసటి ఏడాది హోటలు మానేసి, ఇంటి దగ్గర వీధిలో ఒక దర్జీ దుకాణంలో కుదిరింది. జీతం సగమే. అక్కడ ఆమెను మిషనమ్మ అంటారు. చేతికి ఏమీ కట్టుకోదు.

భర్త ఒకరోజు ఆమె పక్కన కూర్చుని, ఆగిపోయిన వాచీ ఒకదాన్ని తీసి కీ ఇవ్వబోయాడు. చేతకాక వదిలేశాడు. అంతకాలం లోపల దాచుకున్నది ఆమె అప్పుడు అడిగింది.

"ఆ రోజు అన్నం దగ్గర ఆ మాట ఎందుకడిగారు?"

అతను ఆ వాచీని తిరిగి వరసలో పెట్టాడు. "భయమేసింది" అన్నాడు.

"నాకూ వేసింది. అయినా నేను మిమ్మల్ని ఏమీ అడగలేదు."

కూతురు లోపలినుంచి, నీళ్లు వస్తున్నాయి, బిందెలు పట్టండి అని కేక వేసింది. ఇద్దరూ లేచారు. ఆమె ముందు, అతను వెనక, చెరో బిందెతో కుళాయి దాకా నడిచారు.